కంప కాల్చొద్దు, అలాగని తొందరపడి చిప్పర్ కొనొద్దు

(ఆత్మకూరు, ఉదయగిరి ప్రాంతాల తోటల రైతుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను మాట్లాడమన్నది మినీ ట్రాక్టరుకు తగిలించే చిప్పర్ గురించి. అంటే కొమ్మల్ని ముక్కలు చేసే మిషను. ఈమధ్య మన మెట్ట మండలాల్లో ఎక్కడికి పోయినా దీని గురించే అడుగుతున్నారు. చేజర్లలో అడిగారు, వింజమూరులో అడిగారు. మర్రిపాడు నుంచి ఒక తమ్ముడు ఫోన్లో వీడియో పంపించి, "అన్నా, అడ్వాన్సు కట్టబోతున్నా, ఏమంటావు" అన్నాడు. వీడియోలో ఇంత లావు కొమ్మ లోపలికి పోతోంది, అవతల నుంచి పేలాల్లాగా ముక్కలు ఎగిరి పడుతున్నాయి. చూస్తే ఎవరికైనా ముచ్చటేస్తుంది. నేను అతన్ని అడిగింది ఒకటే. "మీ తోటలో ఆ మిషను నోటికాడ ఎవరు నిలబడతారు?" అని. "కూలోళ్ళు ఉన్నారుగా" అన్నాడు. ఆ మాట దగ్గరే మనం ఆగి మాట్లాడుకోవాలి. దానికి వస్తాను. ముందు అసలు ఈ మిషను మనకు అవసరమా కాదా చూద్దాం.

నిమ్మ తోట ఉన్నవాళ్ళకు నేను చెప్పక్కర్లేదు. ఏటా ఎండుపుల్ల తీస్తాం, నీటికొమ్మలు తీస్తాం, నేలకు తగిలే రెమ్మలు కోస్తాం, అంతా లాక్కొచ్చి గట్టున వేస్తాం. నిమ్మ కంప మంచి కంప కాదు. గొడ్డు ముట్టదు. పొయ్యిలోకి తేవాలంటే ఆడవాళ్ళ చేతులు గీరుకుపోతాయి. బండి తొక్కితే టైరు పంక్చరు. అందుకని ఎండేదాకా ఆగి అగ్గిపుల్ల గీస్తాం. గాలి తిరిగితే గట్టు పక్క వరస చెట్లు మాడిపోతాయి, డ్రిప్పు పైపులు కరిగిపోతాయి, ఒక్కోసారి పక్కవాడి చేలోకి పాకి పంచాయితీ అవుతుంది. ఇవన్నీ మనం చూసినవే.

తగలబెట్టేది ఎంతో ఒకసారి లెక్క వేయండి. ఇరవై అడుగుల ఎడంలో నాటితే ఎకరాకు 108 చెట్లు. చెట్టుకు పది కిలోల కంప వచ్చిందనుకున్నా ఎకరాకు టన్ను పైమాటే. అయిదెకరాల తోటకు అయిదు టన్నులు. ఆ కొమ్మ పెరగడానికి నువ్వు బోరు నీళ్ళు పెట్టావు, ఎరువు పెట్టావు, కరెంటు కోసం రాత్రుళ్ళు మేలుకున్నావు. చివరికి పొగ చేసి ఉదయగిరి కొండ మీదికి పంపిస్తున్నావు.

మన నేలలు ఎర్ర గరప నేలలు. వాన పడితే పీల్చుకుంటాయి, నాలుగు ఎండలు కాస్తే అంతా వదిలేస్తాయి. 78 టీఎంసీల సోమశిల మన అనంతసాగరం మండలంలోనే ఉంది. కాలవ కింద ఉన్నవాడి లెక్క వేరు, అయిదారు వందల అడుగులు దింపిన బోరు కింద ఉన్న మన లెక్క వేరు. ఏప్రిల్, మే నెలల్లో, నిమ్మకాయకు రేటు పలికే కాలంలోనే మన బోర్లు ఆగి ఆగి పోస్తాయి. అప్పుడు పాదులో ఉన్న తడి రెండు రోజులు ఎక్కువ నిలబడితే కాయ నిలబడుతుంది. కొమ్మ ముక్కలు మూడు నాలుగు అంగుళాల మందాన పాదు మీద పరిస్తే ఎండ నేరుగా మట్టికి తగలదు, గడ్డి తగ్గుతుంది, కింద వానపాము బతుకుతుంది. ఏడాది రెండేళ్ళలో ఆ ముక్క చివికి మట్టిలో కలిసిపోతుంది. ఈశాన్య రుతుపవనం వానలు అయిపోయి, నేలలో ఇంకా పదును ఉండగానే పరచాలి. నేల బీటలు వారాక పరిస్తే ఎండిన మట్టికి దుప్పటి కప్పినట్టే.

కాబట్టి అవసరం ఉంది. కాకపోతే ముక్క చేసి పారబోస్తే చాలదు, నాలుగు జాగ్రత్తలు ఉన్నాయి. ముక్కల్ని కాండానికి ఆనించి కుప్ప పోయకండి. ఒక మూర దూరం ఖాళీ వదిలి చుట్టూ పరచండి. కాండం మొదట్లో ఎప్పుడూ తడి ఉంటే నిమ్మకు, బత్తాయికి బంక తెగులు వస్తుంది. ఉన్న జబ్బు చాలు, కొత్తది తెచ్చుకోవద్దు. రెండోది, గజ్జి తెగులు బాగా ఉన్న కొమ్మల్ని, ఎండు కుళ్ళుతో చచ్చిన చెట్టు వేర్లను, మొదలును చిప్పర్‌లో వేసి తోటంతా పంచిపెట్టకండి. వాటిని మాత్రం వేరుచేసి తోట బయట కాల్చండి. కాల్చొద్దని చెప్పేవాడినే ఈ ఒక్కదానికి కాల్చమంటున్నాను. కత్తిరించిన చోట బోర్డో పేస్టు పూయడం చిప్పర్ వచ్చిందని మానకండి.

పచ్చి ముక్కల్ని రోటవేటరుతో మట్టిలో కలిపేయడం ఇంకో పొరపాటు. చెక్కను చివికించే సూక్ష్మజీవులకు నత్రజని కావాలి. అది మట్టిలో నుంచే లాక్కుంటాయి. చెట్టు ఆకు పచ్చబారి, 'చిప్పర్ వేశాక తోట చెడింది' అంటారు. పైన పరిస్తే ఆ బాధ చాలావరకు ఉండదు. కలపాలనుకుంటే పేడనీళ్ళు చల్లి, కుప్ప వేసి, ఒకటి రెండు సార్లు తిరగేసి, బాగా మాగాక కలపండి. జామాయిల్ ఆకు, రెమ్మ అయితే ఈ కుప్ప వేయడం తప్పనిసరి. దాని నూనె ఘాటు పచ్చిగా ఉన్నప్పుడు లేత మొక్కకు పడదు. చెదల మాట కూడా అడుగుతున్నారు. మన ఎర్ర నేలల్లో చెద ఉంటుంది, ఎండు ముక్కకు వస్తుంది. కాండానికి దూరంగా ఉంచడం అందుకు కూడా పనికొస్తుంది. కొత్తగా నాటిన మొక్కల దగ్గర మొదటి ఏడాది చూసి వేయండి.

చిల్లకంప ముక్కల సంగతి. సర్కారు తుమ్మ అంటారు, మనం చిల్ల అంటాం. కాయ ముదిరాక దాన్ని మిషన్లో వేసి పాదుల్లో పరిస్తే, పాదు పాదుకీ చిల్ల మొలక నువ్వే నాటినట్టు. కాయ లేని కాలంలో కొట్టండి. సుబాబుల్ కూడా అంతే.

ఇంకో మాట. ప్రతి కొమ్మా చిప్పర్‌లోకి పోవాల్సిందే అనుకోకండి. మణికట్టు లావు దాటిన కట్టెకు మన దగ్గర ధర ఉంది. డీసీపల్లి, కలిగిరి వేలం కేంద్రాలకు పొగాకు తోలే రైతులకు బ్యారన్‌లోకి కట్టె కావాలి. చిల్ల మొద్దు బొగ్గుల బట్టీకి పోతుంది. డబ్బులొచ్చే కట్టెను డీజిలు పోసి ముక్కలు చేయడం తెలివి కాదు. అలాగే మన తోటల్లో ఎండుపుల్ల ఏరుకుని పొయ్యి వెలిగించే ఇళ్ళు ఇంకా ఉన్నాయి. గ్యాసు బండ ఉన్నా నీళ్ళు కాగేది కట్టె మీదే. 'చిప్పర్ వచ్చింది, ఇక ఎవరూ తోటలోకి రావద్దు' అని గేటుకు తాళం వేసినవాడు మన సంఘం సభ్యుడైతే నేను ఆ ఇంటికొచ్చి మాట్లాడతాను. లావు కట్టె తీశాక, పుల్ల ఏరుకోవడం అయ్యాక, ఎవరికీ అక్కరలేని సన్న కంప మిగులుతుంది చూడండి, అది చిప్పర్ తిండి.

ఇప్పుడు మిషను. మన తోటల్లో తిరిగేవి పద్దెనిమిది నుంచి ముప్పై హార్స్‌పవర్ మినీ ట్రాక్టర్లు. చెట్ల వరసల మధ్య దూరతాయని కొన్నాం. బానెట్ మీద రాసిన హార్స్‌పవర్ అంతా వెనక పీటీఓ దాకా రాదు. ఇరవై అని రాసి ఉంటే పీటీఓ దగ్గర పదహారో పదిహేడో ఉంటుంది. చిప్పర్ అమ్మేవాడు 'నాలుగంగుళాల కొమ్మ తింటుంది' అంటాడు. పచ్చి మునగ కొమ్మ, పచ్చి సుబాబుల్ కొమ్మ అయితే తింటుందేమో. ఎండిన నిమ్మ, చిల్ల పెడితే ట్రాక్టరు మూలుగుతుంది. చిన్న ట్రాక్టరుకు ఎండు కట్టె రెండు రెండున్నర అంగుళాలు దాటనివ్వకండి. మనం వేయాల్సింది సన్న కంపే కాబట్టి అది చాలు కూడా.

కొనేముందు ట్రాక్టరు పుస్తకం తీసి మూడు సంగతులు చూడండి. లింకేజీ ఎంత బరువు లేపుతుంది, పీటీఓ 540 తిరుగుళ్ళు ఇంజను ఎంత వేగంలో వస్తుంది, పీటీఓ హార్స్‌పవర్ ఎంత. లోపల తిరిగే చక్రం బరువైంది, అందుకే చిప్పర్ మొత్తం బరువుగా ఉంటుంది. లేపితే చిన్న ట్రాక్టరు ముందు చక్రాలు తేలిపోతాయి. గట్టు ఎక్కేటప్పుడు స్టీరింగు తిరగదు. ముందు బరువులు కట్టుకోవాలి, మిషన్ని నేలకు దగ్గరగా పెట్టుకుని నడపాలి.

షాఫ్టు పొడవు కూడా చూడాలి. దుకాణంలో ఇచ్చిన షాఫ్టు ఏ ట్రాక్టరుకైనా సరిపోయేట్టు పొడుగ్గా ఉంటుంది. మన మినీ ట్రాక్టరుకు అది ఎక్కువైతే, మిషను లేపినప్పుడు ఒకదాన్నొకటి పొడుచుకుని గేర్‌బాక్సు పగులుతుంది. కోయించుకోవాలి. మరీ పొట్టిగా కోస్తే ఊడి వచ్చి ఎగురుతుంది. లోపలి గొట్టం బయటి గొట్టంలో కనీసం మూడో వంతు ఉండేట్టు కోయించండి. షాఫ్టుతో పాటు ఫ్రీవీలు ఉందా అని అడగండి. సైకిలు వెనక చక్రంలో ఉండేదే. మనం తొక్కడం ఆపినా చక్రం తిరుగుతుంది కదా. చిప్పర్‌లో చక్రం బరువుకు, మనం క్లచ్ తొక్కినా అది తిరుగుతూ ట్రాక్టరునే తోస్తుంది. ఫ్రీవీలు ఉంటే ఆ తోపు ట్రాక్టరు దాకా రాదు.

షియర్ బోల్టు అని ఒక చిన్న బోల్టు ఉంటుంది. ఇనుప ముక్కో, పెద్ద మొద్దో ఇరుక్కుంటే ముందు అది తెగాలి, మిషను బతకాలి. అది తెగినప్పుడల్లా చిరాకు పడి గట్టి బోల్టు బిగించే మహానుభావులు ఉన్నారు. వంద రూపాయల బోల్టు బదులు వేల రూపాయల గేర్‌బాక్సు తెగుతుంది. అదే రకం బోల్టులు ఒక డజను టూల్‌బాక్సులో వేసుకోండి.

కత్తుల సంగతి ఉదయగిరిలో చెక్క స్పూన్లు చెక్కేవాళ్ళను అడిగితే మనకన్నా బాగా చెప్తారు. భౌగోళిక గుర్తింపు తెచ్చుకున్న పని అది. ఉలి మొండిదైతే చెక్క చెడుతుంది, చెయ్యీ చెడుతుంది. చిప్పర్‌ కత్తి పదునుగా ఉంటే ముక్కలు బిళ్ళలు బిళ్ళలుగా వస్తాయి. పొట్టు, నారపీచు వస్తోందంటే కత్తి మొండిబారింది. కొమ్మ తనంతట తాను లోపలికి పోవడం మానేస్తుంది, మనిషి తోయడం మొదలు పెడతాడు. ప్రమాదం అక్కడ మొదలవుతుంది. మన గరప నేలమీద ఈడ్చిన కొమ్మకు ఇసుక, గులకరాళ్ళు పట్టుకుని ఉంటాయి. ఒక్క పూటకే కత్తి పోతుంది. ఈడ్చకుండా ఎత్తి తీసుకురండి, దులిపి వేయండి. కంపలో చిక్కుకున్న డ్రిప్పు పైపు ముక్క, కంచె తీగ, నైలాను తాడు తీసేయండి. తీగ లోపలికి పోతే దాని రెండో కొస కొరడాలాగా తిరుగుతుంది.

ఇప్పుడు మొదట అడిగిన ప్రశ్నకు వస్తాను. నోటికాడ ఎవరు?

పీటీఓ షాఫ్టు నిమిషానికి 540 సార్లు తిరుగుతుంది. అంటే సెకనుకు తొమ్మిది చుట్లు. రెండంగుళాల పైన లావు షాఫ్టు ఒక్క చుట్టుకు జానెడు గుడ్డ చుట్టుకుంటుంది. తొమ్మిది జానలు సెకనుకు. చీర పొడవు అయిదున్నర మీటర్లు. లెక్క వేయండి, మూడు నాలుగు సెకన్లలో చీర మొత్తం అయిపోతుంది, ఆ చీరలో మనిషి ఉంటుంది. 'లాగేసుకోవచ్చులే' అనుకోవడానికి టైము లేదు. మొగవాళ్ళు నవ్వకండి. మన పంచె కొస, మెడలో తుండుగుడ్డ, మొలతాడుకు వేలాడే తాళాలు, అన్నీ అదే దారి.

మా పక్క ఊళ్ళో జరిగింది చెప్తాను. చిప్పర్ కాదు, పీటీఓతో నడిచే వేరే మిషను, షాఫ్టు మాత్రం అదే. షాఫ్టు మీద ప్లాస్టిక్ తొడుగు ఉండాలి, గ్రీజు పెట్టడానికి అడ్డమని ఎవరో తీసేశారు. నీళ్ళ బిందె అందుకోవడానికి ఒక అక్క ఇటు నుంచి అటు దాటింది. పైట కొంగు పట్టుకుంది. డ్రైవరు కుర్రాడు అదృష్టం కొద్దీ సీటు మీదే కూర్చుని ఉన్నాడు, క్లచ్ తొక్కి ఇంజను ఆపాడు. పైట పోయింది, భుజం ఎముక విరిగింది, ప్రాణం మిగిలింది. ఆ కుర్రాడు టీ తాగడానికి చెట్టు కిందికి పోయి ఉంటే ఏమయ్యేదో చెప్పక్కర్లేదు. ఆ అక్క మళ్ళీ కాయ కోతకు రాలేదు. కుడిచెయ్యి పైకి లేవదు. నిమ్మ కోతంటే చెయ్యి పైకెత్తే పనే కదా.

అందుకని మన సంఘం సభ్యుల తోటల్లో చిప్పర్ నడిస్తే ఇలా నడవాలి. షాఫ్టు తొడుగు, దాన్ని కట్టే గొలుసు లేకుండా మిషను స్టార్ట్ చేయకూడదు. డ్రైవరు ట్రాక్టరు వదిలి పోకూడదు. కొమ్మలు మోసేవాళ్ళు వేరు, మిషన్లో వేసేవాడు వేరు. వేసేవాడు ఒక్కడే, పని నేర్చుకున్నవాడు, ప్యాంటు, ఒంటికి అతికిన చొక్కా, కళ్ళద్దాలు, చెవుల్లో దూది అయినా పెట్టుకుని ఉండాలి. మోసేవాళ్ళు మిషనుకు పది అడుగుల అవతల కుప్ప వేసి వెనక్కి పోవాలి. షాఫ్టు వైపు నుంచి ఎవరూ దాటకూడదు. పిల్లలు తోటలోనే ఉండకూడదు.

వేసే పద్ధతి ఉంది. మొదలు లావు ఉన్న వైపు ముందు పెట్టాలి. తొట్టికి ఎదురుగా కాదు, ఒక పక్కన నిలబడాలి. కత్తి అందుకోగానే వదిలేయాలి. నిమ్మ కొమ్మ ముళ్ళు చొక్కాకు, చేతి తొడుగుకు పట్టుకుంటాయి, వదలవు. వదులు చేతి తొడుగులు అందుకే వద్దంటున్నాను. పొట్టి ముక్కలు, రెమ్మలు చేత్తో తోయకూడదు, కాలితో అసలే తోయకూడదు. పొడుగాటి కొమ్మనే తోపుడు కర్రగా వాడాలి. అది కూడా లోపలికి పోతే పోనీ, కర్రే కదా. ఇరుక్కుంటే పీటీఓ తప్పించి, ఇంజను ఆపి, తాళంచెవి తీసి జేబులో వేసుకుని, చక్రం పూర్తిగా ఆగేదాకా నిలబడాలి. ఆ బరువైన చక్రం ఇంజను ఆగాక కూడా చాలాసేపు తిరుగుతుంది, చప్పుడు లేకుండా తిరుగుతుంది. చప్పుడు లేదని మూత తీసినవాళ్ళ వేళ్ళే ఎక్కువ పోతాయి. పొద్దు వాలాక పని వద్దు. గంపగుత్త వద్దు. కుప్పకింత అని మాట్లాడుకుంటే కూలీ తొందర పడతాడు, తొందర పెట్టింది మనమే అవుతాం. రోజు కూలీ ఇవ్వండి, మామూలు కూలీ కన్నా ఎక్కువ ఇవ్వండి.

జరగకూడనిది జరిగితే, ఇంజను ఆపండి, మనిషిని లాగకండి. 108కి ఫోన్ చేయండి. రక్తం కారే చోట శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి పట్టండి. వేలు తెగితే దాన్ని తడి గుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ కవరులో వేసి మూతి కట్టి, ఆ కవరును ఐసు మీద పెట్టి మనిషితో పాటు పంపండి. వేలిని నేరుగా ఐసులో వేయకండి. ఆత్మకూరు నుంచి నెల్లూరు అరవై కిలోమీటర్లు, ఉదయగిరి నుంచి వందకు దగ్గర. దారిలో ఎక్కడ ఆగాలా అని అప్పుడు వెతుక్కోవడం కాదు, మిషను తోటలోకి వచ్చిన రోజే అనుకుని ఉండాలి.

పరిహారం సంగతి చాలామందికి తెలియదు. 1983లో పార్లమెంటు ప్రమాదకర యంత్రాల నియంత్రణ చట్టం చేసింది. నూర్పిడి మిషన్లలో కూలీల చేతులు పోతున్నాయని వచ్చిన చట్టం అది. తయారీదారుడు భద్రతా ఏర్పాట్లు పెట్టాలని, దెబ్బ తగిలితే పరిహారం ఇవ్వాలని అందులో ఉంది. ఆ చట్టం పేరు పెట్టి చెప్పింది నూర్పిడి మిషన్నే. వేరే యంత్రాలను కేంద్రం నోటిఫికేషన్ ఇచ్చి చేర్చవచ్చు. చిప్పర్‌ను చేర్చమని మనం అడగాలి. 1923 నాటి నష్టపరిహార చట్టం షెడ్యూలులో ట్రాక్టర్లతో, యంత్రశక్తితో నడిచే పరికరాలతో సేద్యం పని చేసేవాళ్ళు కూడా ఉన్నారు. ఆ చట్టాన్ని సామాజిక భద్రతా కోడ్‌లో కలిపారు. అంటే మన తోటలో కూలీ చెయ్యి పోతే 'నాకేం సంబంధం' అనడానికి లేదు. చిన్న రైతు ఆ పరిహారం కట్టలేడు, కూలీ అది రాకుండా బతకలేడు. ఇద్దరూ మన సంఘంలోనే ఉన్నారు. అందుకే ముందు నుంచి చెప్తున్నాను.

ప్రధానమంత్రి సురక్షా బీమా ఏడాదికి 20 రూపాయలు. బ్యాంకు ఖాతా ఉన్న 18 నుంచి 70 ఏళ్ళ వాళ్ళందరూ చేరవచ్చు. ప్రమాదంలో చనిపోతే రెండు లక్షలు, ఒక చెయ్యి పూర్తిగా పోతే లక్ష. వేళ్ళు పోతే అందులో ఏమీ రాదు. చిప్పర్‌లో ఎక్కువ పోయేవి వేళ్ళే. కాబట్టి ఆ 20 రూపాయలు కట్టించి చేతులు దులుపుకోవడం కాదు. ట్రాక్టరు ఇన్సూరెన్సు కాగితం కూడా చదివించుకోండి. రోడ్డు మీద కాకుండా తోటలో ఆగి మిషను నడిపేటప్పుడు దెబ్బ తగిలితే వర్తిస్తుందా, పక్కన పనిచేసే కూలీకి వర్తిస్తుందా అని ఏజెంటు చేత రాయించుకోండి. నోటిమాట వద్దు.

ఇక డబ్బు లెక్క. మిషను లక్షన్నర అనుకుందాం. అయిదెకరాల నిమ్మ తోట ఉన్న రైతుకు ఏడాదిలో చిప్పర్ పని ఎన్ని రోజులు? నాలుగు, మహా అయితే ఆరు. మిగతా మూడు వందల అరవై రోజులు అది కొట్టంలో కోళ్ళకు గూడు. బ్యాంకు వడ్డీ మాత్రం రోజూ నడుస్తుంది. మనకు రోటవేటర్ల అనుభవం ఉంది. వీధికి నాలుగు రోటవేటర్లు, నలుగురికీ అప్పు. అదే పది మంది రైతులు, యాభై ఎకరాలు కలిసి ఒక మిషను తెచ్చుకుంటే యాభై రోజుల పని ఉంటుంది. మనిషికి పడేది పదిహేను వేలు. అన్నిటికంటే ముఖ్యం, ఒకే కుర్రాడు ఆ యాభై రోజులూ నడుపుతాడు. పని వచ్చినవాడి చేతిలో మిషను ఉంటుంది, కత్తి ఎప్పుడు మొండిబారిందో వాడికి చెవితోనే తెలుస్తుంది. ఏడాదికి నాలుగు రోజులు నడిపే పది మంది కన్నా వాడు ఒక్కడు మేలు.

కేంద్రం 2014-15లో వ్యవసాయ యాంత్రీకరణ ఉప మిషన్ మొదలు పెట్టింది. అందులో చిన్న, సన్నకారు రైతులకు, మహిళలకు, ఎస్సీ, ఎస్టీ రైతులకు సగం దాకా, మిగతావాళ్ళకు నలభై శాతం దాకా పరికరాల మీద రాయితీ ఉంటుంది. మన రాష్ట్రంలో 2022లో రైతు గ్రూపులకు యంత్రాలు ఇచ్చినప్పుడు నలభై శాతం రాయితీ, యాభై శాతం బ్యాంకు అప్పు, పది శాతం గ్రూపు వాటా అన్నారు. రాయితీ పద్ధతి ప్రభుత్వం ప్రభుత్వానికీ మారుతుంది, గ్రూపు పద్ధతి మాత్రం మనది, మనం పెట్టుకోవచ్చు. రాయితీలో ఒక తిరకాసు ఉంది. జాబితాలో ఉన్న కంపెనీ, జాబితాలో ఉన్న మోడలే కొనాలి. ఆ మోడలు మన ఇరవై హార్స్‌పవర్ ట్రాక్టరుకు సరిపోతుందా అని ఎవరూ చూడరు. రాయితీ వస్తుందని నలభై అయిదు హార్స్‌పవర్ మిషను తెచ్చి మినీ ట్రాక్టరుకు కట్టకండి. అధికారిని అడిగేటప్పుడు "చిప్పర్ ఉందా" అని అడగొద్దు. "ఇరవై హార్స్‌పవర్ మినీ ట్రాక్టరుకు, షాఫ్టు తొడుగుతో, కళ్ళద్దాలతో ఇచ్చే చిప్పర్ ఉందా" అని అడగండి.

మన సంఘం తరఫున మూడు కోరికలు రాసి ఇవ్వాలని నా ప్రతిపాదన. ప్రతి మెట్ట మండలంలో అద్దె యంత్రాల కేంద్రంలో ఒక మినీ ట్రాక్టరు చిప్పర్ పెట్టాలి. దానితో పాటు నడిపేవాడికి కనీసం మూడు రోజుల శిక్షణ ఇచ్చి కార్డు ఇవ్వాలి. రాయితీ మీద ఇచ్చే ఏ పీటీఓ మిషనూ తొడుగు లేకుండా డీలరు గేటు దాటకూడదు. నాలుగోది కూడా అడగాలి గానీ ఇది అధికారులను కాదు, పెట్లూరులో ఉన్న నిమ్మ పరిశోధన స్థానం వాళ్ళను. మన ఎర్ర నేలల్లో నిమ్మ ముక్కలు పరిస్తే ఎన్ని తడులు మిగులుతాయో, చెద ఎంత వస్తుందో మన తోటల్లోనే వేసి చూపించమని అడుగుదాం. మనం చెప్పేది అనుభవం, వాళ్ళు చెప్తే లెక్క ఉంటుంది.

మర్రిపాడు తమ్ముడు అడ్వాన్సు కట్టలేదు. ఊళ్ళో ఏడుగురిని పోగు చేశాడు, ఇంకా ముగ్గురు కావాలంటున్నాడు. దుత్తలూరు, సీతారామపురం, వరికుంటపాడు వైపు నుంచి వచ్చినవాళ్ళు గ్రూపు పెట్టాలనుకుంటే పేర్లు, ఎకరాలు, ట్రాక్టరు హార్స్‌పవర్ రాసి మీ మండల కార్యదర్శికి ఇవ్వండి. అద్దెకు ఒక మిషను తెప్పించి ఒక తోటలో నడిపి చూపిస్తాం, తేదీ కబురు చేస్తాం. మీ కూలీలను కూడా వెంట తీసుకురండి. వాళ్ళ ఆ రోజు కూలీ మీరే ఇవ్వాలి. తుండుగుడ్డలు మాత్రం ఇంటి దగ్గర పెట్టి రండి.